కుడి పక్క

షార్జా సనయ్యల ఆరో నంబరు గల్లీ.
షట్టరు సగం దించి, ఏసీ ముంగట
ఇంజిన్ బ్లాకును పొద్దుగాల్నుంచి పండవెట్టినం.
ఎండకు కాగిన ఇనుము అబద్ధం చెప్తది,
కొలిచే ముందు చల్లారనియ్యాలె.
కొత్తగ వచ్చిన పిలగాండ్లకు
నేను నేర్పే మొదటి పాఠం గిదే:
ఊకె కూసునుడు.

గుల్ జమాన్‌కు ఊకె కూసునుడు రాదు.
రోడెల్ ఫోన్ల బిడ్డ మొఖం చూసుకుంటడు.
సిరిసిల్ల మార్కండేయ మాత్రం
క్రాంకు మీద అరచెయ్యి వెట్టి
జ్వరం చూసినట్టు చూస్తడు.

ఇరవై ఆరేండ్లాయె నేనీ గల్లీకొచ్చి.
అప్పుడు కార్లు కడిగెటోన్ని.
ఇప్పుడు ఇసుక కొండలెక్కే బండ్లకు
వెయ్యిన్నర గుర్రాల ఇంజిన్లు కడుత.
దుబ్బ నెత్తి మీదికి పోను పది సెకండ్లు.
ఆ పది సెకండ్ల కోసం
నెల రోజులు వంగి ఉంటది నా నడుము.

క్రాంకుకు బేరింగుకు నడుమ
వెంట్రుకంత సందు ఉండాలె,
అండ్లనే నూనె నిలవడాలె.
ఎక్కువైతే కొట్టుకుంటది, తక్కువైతే పట్టుకుంటది.
"వెంట్రుకంటే ఎవలిది ఉస్తాద్?" అన్నడు మార్కండేయ,
"నీదా, మా అమ్మదా?"
నవ్వి మైక్రోమీటర్ చేతికిచ్చిన.
మూడుసార్లు కొలిచిండు, మూడు అంకెలొచ్చినయ్.
"గట్టిగ తిప్పితే ఇనుము గూడ
సిగ్గువడి ముడుచుకుంటదిరా,
దారం పట్టినట్టు పట్టు" అన్న.
నాలుగోసారి నుంచి ఒకటే అంకె.

గురువారం రాత్రి డైనో మీదికెక్కించినం.
అర్బాబ్ అబూ రాషెద్ ఖర్జూరాల డబ్బతోని వచ్చి
అద్దం ఇవతల నిలవడ్డడు.
నాలుగు వేలు. ఐదు. ఆరు.
గోడలు వణుకుతున్నయ్, నా పండ్లు వణుకుతున్నయ్,
నా లెక్కల అంత సాఫ్.
మార్కండేయ చెయ్యెత్తిండు.
ఎందుకని అడగకుంటనే బంజేసిన,
వాని మొఖం చూసి.

నూనె దించితే అండ్ల మెరుపులు.
సంపు ఇప్పితే నాలుగో షెల్లు మీద
గోరంత వెడల్పున రాగి తేలింది.
ఇంకో రెండుసార్లు గుంజితే
కనెక్టింగ్ రాడ్డు బ్లాకు చీల్చుకొని బయటికొచ్చు.

"ఎవరు విన్నరు?" అర్బాబ్ అడిగిండు.
నా నోరు, నన్నడగకుంటనే,
"నేను" అన్నది.
"మాషా అల్లా గంగారాం, నీ చెవి బంగారం!"

నా ఎడమ చెవి సచ్చి నాలుగేండ్లు.
తెలిస్తే ఇంకో ఉస్తాద్‌ను తెస్తరని
ఎవ్వలకు చెప్పలె, ఇంటిదానికి సుత.
ఫోను ఎప్పుడైనా కుడి చెవికే.

పిలగాడేం అనలె.
డీజిల్ డబ్బల చేతులు కడుక్కుంట
గోర్ల సందుల నలుపు చూసుకుంటున్నడు.

రాత్రి రూముల పప్పు మరుగుతుంటే అడిగిన:
"గంత మోతల నీకెట్ల వినవడ్డదిరా?"
"మా ఇంట్ల ఎనిమిది సాంచలు ఉస్తాద్.
పోగు తెగితే మోత మారది,
మోతల ఒక బొక్క వడ్తది."
ఉల్లిగడ్డ కోసుడు ఆపి అన్నడు:
"మా నాయిన చెవులు సాంచలే తిన్నయ్.
ఆయనతోని మాట్లాడాల్నంటే
కుడి దిక్కుకు పోవాలె."

అప్పుడు యాదికొచ్చింది.
వచ్చిన వారం నుంచి
స్పానర్ అందిచ్చినా, చాయ తెచ్చినా,
బండి చుట్టూ తిరిగొచ్చి
వీడు నా కుడి పక్కనే నిలవడ్తుండె.

ఇంజిన్ మళ్ల కట్టినం.
బేరింగులు వాడేసిండు, నేను దీపం పట్టిన.
కట్టినోని గుర్తు బ్లాకు మీద కొట్టుడు మా షాపు రివాజు.
పంచుల డబ్బల అన్నీ ఇంగ్లీషు అక్షరాలే.
సెంటర్ పంచు తీస్కొని
చుక్క పక్కన చుక్క కొట్టి
"మా" అని రాసిన.
దీర్ఘం వంకర వొయ్యింది.

ఇదేం అక్షరమన్నడు అర్బాబ్.
"ఆనాడు విన్నోని పేరు" అన్న.

ఆయన ఏదో అన్నడు, చానాసేపు అన్నడు.
ఎడమ దిక్కు నిలవడి ఉన్నడు,
నాకు వినవడలె.