పిచ్చుక పేరు విప్పిన రోజు

మా కౌనస్‌లో జనవరి అంటే
నెమునస్ నది మీద మంచు, జనం నోట బాస్కెట్‌బాల్.
నేను ఆడను. ఆడేవాళ్ల వీపుల మీద పేర్లు కుడతాను.
ముప్పై ఒక్క ఏళ్లుగా ఇదే కుట్టుమిషను,
ఇదే కిటికీ, ఇదే నడుంనొప్పి.

శుక్రవారం రాత్రి కుట్టాను, జ్విర్బ్లిస్ అని.
మా భాషలో పిచ్చుక.
ఏడడుగుల పిచ్చుక! గుమ్మాలన్నీ వంగి దాటే పిచ్చుక.
మా లిపిలో ఎనిమిది అక్షరాలు,
మొదటిదాని నెత్తిన చిన్న కొక్కెం.
ఆ కొక్కేనికే పావుగంట పడుతుంది,
వంకర పోయిందా, ఊరంతా నాకు పాఠం చెబుతుంది.

శనివారం మధ్యాహ్నం ఫోను.
"మోకాలట. రాడట. పేరు విప్పెయ్ గెనొవైటే."
మోకాలికీ బోడిగుండుకీ ముడివేసేవాళ్లను చూశాను గాని
మోకాలికీ సముద్రానికీ ముడిపడటం
ఆ సాయంత్రమే చూశాను.
టికెట్లు చించే పిల్ల తన ఫోను చూపించింది:
ఎక్కడో ఎండలో, ఇసుకలో
అదే మోకాలు, తడిసి మెరుస్తూ.

కోపం రాలేదని చెప్పను.
కానీ నేనూ ఒకసారి జ్వరమని సెలవు పెట్టి
స్నేహితురాలి పెళ్లిలో తెల్లారేదాకా గెంతినదాన్నే.
ఆ మోకాలికి ఐసు సంచి కట్టుకుని
పళ్లు బిగించి కూర్చున్నవాణ్ణి ఈ గదిలోనే చూశాను.
లెక్కలోకి రాని ఆట ఇది,
గెలిచినా ఓడినా పట్టికలో ఒక్క అంకె కదలదు.
మరి లెక్కలోకి వచ్చేది ఎవరూ అని
బ్లేడు మొనతో ఒక్కో దారం తెంపుతూ అడిగాను.
గుడ్డ ఏం చెబుతుంది.

అతని బదులు ఊతెనా నుంచి ఓ కుర్రాడు.
గ్రిగలియూనస్.
పదకొండు అక్షరాలు!
భుజం నుంచి భుజానికి చోటు చాలక
ఇంద్రధనుస్సులా వంచి కుట్టాను.
పిచ్చుకలోంచి అయిదు అక్షరాలు పనికొచ్చాయి.
మూడు మిగిలాయి.

రాత్రి పేర్లు పిలిచారు.
నా ముందు వరుసలో ఒక పిల్లాడు,
షిలుతె నుంచి బస్సులో వచ్చాడట తాతతో.
తెల్ల బనీను వెనక తనే రంగుతో రాసుకున్నాడు
పిచ్చుక పేరు,
కొక్కెం తలకిందులుగా.
గ్రిగలియూనస్ అని మైకు అనగానే
వాడు తాత మొహంలోకి చూశాడు,
తాత తన బూట్లకేసి చూసుకున్నాడు.

అందరూ నవ్వుకుంటూ దారి వదిలే ఆటలో
ఆ ఊతెనా వాడొక్కడే అడ్డం పడ్డాడు,
బయటికి పోయే బంతి కోసం
ఫోటోగ్రాఫర్ల ఒళ్లో పడ్డాడు.
మొదట జనం నవ్వారు. తర్వాత నవ్వలేదు.
చప్పట్లంటారా, అంత లేదు.
దీపాల కింద వాడి వీపు మీద
కొత్త అక్షరాల చుట్టూ పాత సూది బెజ్జాలు
నాకొక్కదానికే కనబడుతున్నాయి.

బస్టాపు దగ్గర ఆ పిల్లాడు
కోటు జిప్పు గడ్డందాకా లాక్కున్నాడు.
చలికేనేమో.
లోపల ఆట అవుతుండగా కూడా విప్పలేదు మరి.

ఇవాళ సోమవారం.
మిగిలిన మూడు అక్షరాల్నీ పారేద్దామనే తీశాను.
రెండు పడ్డాయి బుట్టలో.
కొక్కెం ఉన్నది మాత్రం
నా స్వెటరు దారానికి తగులుకుని
వదలనంటోంది.