కొత్త చెరువులు

కొర్లగుంటలో కరెంటు పోయిన రాత్రి
ఎమర్జెన్సీ లైటు కింద
యోగిత మ్యాపు గీస్తా ఉంది.
పెన్నకు నీలం, స్వర్ణముఖికి ఇంకాస్త నీలం.
శేషాచలానికి పచ్చ చాలక
తమ్ముడి పెన్సిలు దొంగిలించింది.

దొరసాని యాడ తిరిగొచ్చిందో,
నీలంరంగు మూతలో కాళ్లు ముంచి
కడప మీదుగా నడిచి
మా జిల్లాలో కూచుంది.

"మే, లెయ్యే!" అంటే
తోకతో తమిళనాడు సరిహద్దు తుడిచేసి లేచింది.

ఏడుపు.
ఇంకో చార్టు తెద్దామంటే అంగడి మూసేసినారు.
దోసెపిండి చేత్తోనే
అడుగుల చుట్టూ గీతలు గీసి
చెరువులన్నాను.

మర్నాడు చార్టు మూల ఎర్రసిరా:
"చెరువులు బాగున్నాయి. పేర్లేవీ?"

దొరసాని చెరువు, ఒకటి ఖాయం.
మిగతా మూటికీ అట్లాసు చూడాల.
అది దానిమీదే పడుకోనుంది.