పుర్రచేతి తుపాకి

కేళోతు హూమ్లా డిండి వాగు దాటి వచ్చిండు,
నెత్తిన జొన్నల మూట, సంకల మేకపిల్ల,
అంగి జేబుల నల్లగొండ కచ్చేరి ముద్ర పడ్డ కాయితం.
"పందులు పల్లిచేను తొవ్విపోసినయి మోనయ్యా,
తుపాకి గావాలె.
కానీ నాది పుర్రచెయ్యి."

మా ఆయన నవ్విండు.
"కుడిచేత కాల్చుడు నేర్సుకో, అగ్గువల అయితది."
హూమ్లా చెంప తిప్పి చూపిండు:
పోయినేడు పటేలింటి టోపీ తుపాకి
ఎడమ భుజానికి ఆనిచ్చి పేలిస్తే
రవ్వలెగిరి కన్నుకింద
నువ్వులు చల్లినట్టు నల్లమచ్చలు.

నేను తిత్తి కాడ కూసున్నదాన్ని.
ఏ చేత గుంజుతున్ననో
ఇరవై ఏండ్లు ఎవ్వరు అడగలే.
అన్నం గిన్నెల ఆ చెయ్యి పెడితే మా అవ్వ గంటెతో కొట్టింది,
పేరంటంల బొట్టు పెట్టబోతే అత్త గుంజి మార్చింది,
నిప్పు మాత్రం ఏమనలే.

"చేద్దాం" అన్న.
వాళ్లిద్దరు కాదు, నేనన్న.

గొట్టం సంగతి ఎరుకున్నదే:
ఇనుప పట్టీని కమ్మీ చుట్టు పామోలె చుట్టి
ఎలిగారం చల్లి
జానకో కాక, కాకకో అతుకు.
రంగు నేను చెప్పాలె, దెబ్బ ఆయన కొట్టాలె.
మోదుగుపువ్వు రంగుల కొడితే అతకదు.
తెల్లజొన్న రంగుకొచ్చి చుక్కలు రాలంగనే
"ఇగ కొట్టు."
గట్ల తొమ్మిది దినాలు.
దొలుచుడు పదకొండు.

సాలె నర్సవ్వ ఇచ్చిన పట్టు పోగు
గొట్టంల నుంచి ఎక్కదీసి, విల్లుకు బిగించి
పొద్దు దిక్కు పట్టి చూస్తే
పోగు నీడ ఒక్కకాడ ఇడిపోయింది.
అక్కడ వంకర.
కొయ్యసుత్తెతో ఒక్క దెబ్బ, మళ్ల చూసుడు, మళ్ల ఒక్క దెబ్బ.
మనిషిని గూడ గిట్లనే చూడొస్తే ఎట్లుండునో అని
గొట్టం ఆయన మొఖం దిక్కు తిప్పి నవ్విన.

చిక్కంత గుర్రం కాడ.
మీట నొక్కితే టోపీ మీదికి దూకే ఇనుపతలను
గుర్రమంటం మేము.
మేమెరిగిన గుర్రాలన్ని కుడిదిక్కు కట్టేసినయే.
ఆయన చెయ్యి అలవాటుగ
రెండుసార్లు కుడిదే చేసింది,
రెండుసార్లు కొలిమిల పడేసిండు,
మూడోసారి సుత్తె ఇసిరిండు.

ఇంట్లకు పోయి నా పెండ్లినాటి అద్దం తెచ్చిన.
పటేలింటి తుపాకి దాని ముందట పెట్టిన.
అద్దంల గుర్రం ఎడమదిక్కు తిరిగి
మమ్ములనే చూస్తున్నది.
కాటుకవేలితో అద్దం మీదనే గీసిన,
పుర్రచేతితోటి, ఆయన చూస్తుండంగ.
అద్దంల బొమ్మ జర చిన్నగొస్తది,
బెత్తెలతోటి కొల్చి పెంచుకున్నం.
ఆయన ఏమనలే.
ఇసిరిన సుత్తె ఆయనే పోయి తెచ్చుకున్నడు.

కుందాకు జిట్రేగి.
హూమ్లా మోచేతి మడత నుంచి చూపుడువేలి కణుపు దాక
తాడుతో కొల్చుకున్న కొలత.
చెంప ఆనేకాడ కొయ్య ఇంకొంచెం లోతు తీసిన,
ఆ నువ్వుల మచ్చలకు ఒత్తుకోవద్దని.
తేనెమైనం, అవిశెనూనె, అరచేతి వేడి.

పరీక్షకు చేనుగట్టు మీది కడీకి కట్టేసినం.
రెండింతల మందు, రెండు గుండ్లు, పొడుగు తాడు.
జరానికి మింగేది మందే, చేనుకు చల్లేది మందే,
మా మరిది సారా దుకాణంల తాగేది మందే.
గిదొక్కటే ఏ రోగం కుదరదు,
ఒక్కసారి ఒర్లి ఊకుంటది.
తాడు నేనే గుంజిన.
గుట్ట రెండుసార్లు దగ్గింది.
పొగ పోయినంక గొట్టం మీద ఏలుతో కొట్టి చెవి పెట్టిన:
పగులు లేదు, గంటోలె మోగింది.

హూమ్లా వచ్చి ఎత్తిండు.
ఎడమ భుజం, ఎడమ చెంప, ఎడమ కన్ను,
ఎక్కడా ఒంగాల్సిన పని పడలే.
చానసేపు దించలే.
ముప్పై రూపాలు బాకీ, పల్లి అమ్మినంక ఇస్తనన్నడు.
సరే అన్నం.

పందులు పోయినయో, మళ్ల వచ్చినయో తెల్వదు.
వాగు పొంగింది, కబురు లేదు, ముప్పై రూపాలు లేవు.
అద్దం మీద కాటుక గీతలున్నయి.
బొట్టు పెట్టుకునేటప్పుడు
నా నుదురు మీద ఒక గుర్రం నిలవడుతది.
తుడుస్త తుడుస్త అనుకుంటనే
పుర్రచేతితోటే బొట్టు దిద్దుకుంటున్న.