తొలి జత ఈతకాళ్లు

మూడువందల యాభై మీటర్ల నుంచి
వల పైకొచ్చేసరికి నా కాఫీ చల్లారిపోయింది.
డెక్ మీద గులాబీ రంగు కుప్ప,
తడిగా, చిటపటలాడుతూ.
అడుగున వీటికి ఈ రంగు లేదు.
ఎర్రటి వెలుగు దిగని చోట
ఎరుపంటే చీకటికి ఇంకో పేరు.
ఇనూటెక్‌కి కావలసింది టన్నులు.
నాకు ఒక్కొక్కటీ కావాలి.

నా పని చిన్నది.
కంటిగుంట వెనక నుంచి వీపుడొల్ల అంచు దాకా
ఎన్ని మిల్లీమీటర్లో రాసుకోవడం,
తర్వాత రొయ్యను వెల్లకిలా తిప్పి
తొలి జత ఈతకాళ్ల లోపలి రెమ్మను
పట్టకారుతో విడదీసి చూడటం.
రెమ్మ కొస వెడల్పుగా, చిన్న నొక్కుతో ఉంటే
మగ.
సూదిలా సన్నబడితే ఆడ.
ఎటూ తేలకపోతే
రెండు గడుల మధ్య గీత మీద ఒక చుక్క పెడతాను.

ఈ నీళ్లలో తల్లులంతా ఒకప్పటి తండ్రులే.
కొన్నేళ్లు మగగా బతికి,
ఒక చలికాలం, ఒక కుబుసం, ఇంకో కుబుసం,
ఎవరికీ చెప్పకుండా లోపల ఏదో సర్దుకుని
ఆడదవుతుంది.
ఆ పైన చచ్చేదాకా ఆడదే.
ఏ వయసులో అని మాత్రం అడక్కండి.
చేపకైతే చెవిలో రాయి, రాయిలో ఏటికో వలయం.
దీనికి దాచుకునే చోటే లేదు.
కుబుసంతో పాటు
లెక్కనీ బురదలో వదిలేసి పోతుంది.

వేసవిలో తల డొల్ల కింద నీలిపచ్చగా జన కనిపిస్తుంది.
(పిల్లల్ని ముందు తలలో మోసే జీవి.
మా అక్క విని, నాకూ అంతే అంది.)
ఆ తర్వాత పాత పెంకు విడిచి,
ఒళ్లంతా ఇంకా మెత్తగా ఉండగానే
మగది వచ్చి చిన్న జిగురుమూట అంటించి పోతుంది.
గుడ్లు కిందికి జారి
ఈతకాళ్ల వెంట్రుకలకు గుత్తులుగా పట్టుకుంటాయి.
ఇక ఎనిమిది తొమ్మిది నెలలు.
రాత్రిళ్లు మగవి మేతకని పైపైకి పోతాయి.
ఆమె అడుగునే ఉండి
గుడ్లకి నీళ్లు విసురుతూ ఉంటుంది,
పాచి పట్టకుండా, ఊపిరాడేలా.
నెత్తిన ఎక్కడో సముద్రం గడ్డకడుతుంది.
మళ్లీ విరుగుతుంది.
నీళ్లు పచ్చబడే ఆ కొద్ది రోజులకే
గుడ్లు పగిలేలా
చలి ఆమెతో ఏ లెక్క కట్టిస్తుందో.

నా పేరు ఉల్లోరియాక్.
నేను పుట్టడానికి నాలుగు నెలల ముందు
పడవ తిరగబడి పోయిన మేనమామ పేరు.
అందుకని అమ్మమ్మ నన్ను కొడకా అంటుంది.
అమ్మ అన్నా అంటుంది.
మా దగ్గర పేరు పట్టుకుని మనిషి తిరిగొస్తాడు,
ఆడ ఒళ్లా మగ ఒళ్లా అని ఎంచుకోడు.
మొదటి జీతంతో అమ్మమ్మకి పొగాకు కొంటే
డబ్బా అటూ ఇటూ తిప్పి చూసి
"వీడెప్పుడూ ఈ రకమే తెచ్చేవాడు"
అని పక్కింటి పిపాలుక్‌తో చెప్పింది.
నాకు ఆ రకం సంగతే తెలీదు.
దుకాణంలో మిగిలింది అదొక్కటే.

కసిగియాంగుయిట్‌లో
పందొమ్మిదేళ్లు రొయ్యలు ఒలిచిన చేతులు ఆమెవి.
వేళ్ల కొసలకి ఇప్పటికీ చలి తెలీదు.
పోయిన సెలవుల్లో ఈ మగా ఆడా సంగతంతా
వంటింట్లో కూర్చుని చెప్పాను.
ఆశ్చర్యపోతుందనుకున్నా.
ఉప్పు వేసిన నీళ్లు పొంగుతున్నాయి, మంట తగ్గించింది.
"ఇంతకీ మారాక
తోటివి దాన్ని ఏమని పిలుస్తాయి, కొడకా?"

ఇవాళ నూట పద్నాలుగోది.
ఇరవై రెండున్నర మిల్లీమీటర్లు.
రెమ్మ కొస సగం వెడల్పు, సగం సన్నం.
నొక్కు ఉందనుకుంటే ఉంది.
చుక్క పెట్టాను.
పెన్సిల్ మొన విరిగింది.
ఇనూటెక్ మళ్లీ వల దింపుతున్నాడు,
ఆగమని అరిచాను,
ఆ చప్పుడులో
నా గొంతు నాకే వినపడలేదు.