మోటారు వంతు

త్రీఫేజు కరెంటు రాత్రి రెండుకొస్తుంది.
ఈరోజు వంతు మద్దిలేటిది,
బ్యాంకులో ఆడిటని తాడిపత్రిలోనే ఆగిపోయినాడు.
జీతమియ్యని కొలువు, ఎవర్ని తిట్టేది?
పలక తుడిచి నా పేరు రాసినా,
నేను పెట్టుకున్న పేరు, నారెమ్మ.

మూడెకరాల మెట్ట, నాపరాళ్ల గోడ, రేకుల కప్పు.
లోపలొక గూడు.
గూట్లో ఏ దేవుడని మొదటేడంతా కొట్లాట:
ఓబులేసు పసుపు తెచ్చినాడు, దస్తగిరి ఊదు తెచ్చినాడు.
ఆఖరికి దీపమొక్కటే మిగిలింది.
నూనె ఖర్చు ఎవరిదో ఇంకా తేలలా.

ఊరోళ్లు మొదట్లో మా కంచె దాటేవాళ్లు కారు.
బోర్లు ఎండిన ఏడు బిందెలతో వచ్చినారు.
పేర్లడగలేదు, నీళ్లడిగినారు.
మా జాగారం అప్పట్నుంచి మోటారు కాడే.

రెండుంబావు.
పైపు దగ్గి దగ్గి నీళ్లు కక్కింది.
టార్చి వేస్తే తొట్టి అవతల ఎవరో:
వదులు చొక్కా, చంకలో సంచి,
గోరింటాకు సగం గీకేసిన వేళ్లు.
"ఈడ నాలాంటోళ్లు..." అని ఆగినాడు.
ఆగినాడా? ఆగిందా?
ఆగినారు అనుకున్నా.
పెద్దోళ్లకిచ్చే మాట; భయపడినోళ్లకీ సరిపోతుంది.

సంగటి పొద్దున పెడతాం,
చెప్పాల్సింది తర్వాత చెప్పొచ్చు.
"ముందు ఆ గెనిమె తెగుతాంది, పార తీస్కో" అన్నా.
ఇద్దరం చీలమండ లోతు బురదలో
తెల్లారేదాకా మడికి మడి మళ్లించుకుంటా పోయినాం.
ఆ మనిషి ఒకసారి ఏడ్చినారు, ఒకసారి నవ్వినారు,
చీకట్లో నేను లెక్కపెట్టలేదు.

కరెంటు పోయింది.
పలక మీద నా పేరు కింద గీత గీసి
సుద్దముక్క ఆ చేతికిచ్చినా.
రాయలేదు. జేబులో వేసుకున్నారు.
ఉండనీ.
గూట్లో దీపం కొండెక్కింది,
నూనె వంతు ఎవరిదో చూడాల.