భ గణం

వాల్దీవియాలో గురువారం అంటే వాన.
శుక్రవారమూ వానే అనుకోండి,
కానీ గురువారాల్లో గ్రంథాలయం వెనక గదిలో
ఎదువీనా కూర్చుంటుంది.
ముందు ఒక స్క్రూడ్రైవరు, ఒక పెయింటు బ్రష్షు,
బడిపిల్లల రబ్బరు ముక్క.

నేను బస్సు కోసం ఆగినదాన్ని.
తడిసిన కోటు హీటరు మీద ఆరేసి
వినడం తప్ప పనేమీ లేదు.

ముప్పై ఏళ్ళు టెలిఫోను ఎక్స్ఛేంజిలో
ఊరి గొంతుల్ని ఒకదానికొకటి ముడేసిన చెవి ఆమెది.
ఇప్పుడు ఊళ్ళోని ముసలి కంప్యూటర్ల మూలుగు వింటుంది.

"తెర నల్లగానే ఉంటోంది. కూత మాత్రం వస్తోంది."
"ఎలా కూస్తోంది? కూసి చూపించండి."
బేకరీ ఆయన అటూ ఇటూ చూసి
గొంతు సవరించుకుని కూశాడు:
బీ..........ప్. బిప్. బిప్.
నాకది భ గణంలా వినిపించింది,
ఒక గురువు, రెండు లఘువులు.
ఆమెకది వీడియో కార్డులా వినిపించింది.
"బయటికి తీయండి. ఆ పసుప్పచ్చ పళ్ళు రబ్బరుతో తుడిచి
మళ్ళీ టక్కుమనేదాకా నొక్కండి.
దెబ్బలాడినట్టు కాదు,
పిండి అదిమినట్టు. మీకు నేను చెప్పాలా?"

ఒక పెద్దమ్మ తెచ్చిన డబ్బా మూత తీస్తే
లోపల ఫ్యాను కాదు, పిల్లి.
ఇరవై చలికాలాల కట్టెపొయ్యి మసి
బొచ్చులా పట్టి ముడుచుకుని పడుకుంది.
"పొయ్యి పక్కన పెట్టారా?"
"దానికి మాత్రం చలెయ్యదా?"
ఎదువీనా బ్రష్షు అందుకుంది. మాట్లాడలేదు.

ఒక పిల్లాడు తాతగారి మౌసుతో వచ్చాడు, బాణం కదలట్లేదట.
కడుపు తిప్పి, బంతి దొర్లించి,
గోటితో మూడు నూలుపోగులు లాగింది.
కొండ తవ్వకుండానే ఎలుక దొరికింది.

ఫోను మోగింది. అస్సలు ఆన్ కావడం లేదట.
ప్లగ్గు పెట్టారా అని ఆమె అడగదు.
అలా అడిగితే ఎవరైనా పెట్టామనే అంటారు.
"గోడ దగ్గర వైరు ఊడదీసి, ఒకసారి ఊది,
మళ్ళీ పెట్టి చూడండి. చెమ్మ చేరి ఉంటుంది."
అవతల కుర్చీ జరిగిన చప్పుడు.
చాలాసేపు నిశ్శబ్దం.
తర్వాత, చిన్న గొంతుతో: "అవును. చెమ్మే."
ఈ ఊళ్ళో ఎవరి పరువూ పోదు,
తప్పంతా వానది.

నోల్‌బెర్తో పడవ నడుపుతాడు.
అతని యంత్రానికి రోజూ
రెండువేల మూడు, జనవరి ఒకటి.
"రూపాయంత బ్యాటరీ, అంతే.
మీరు నిద్రపోయినా అది మేలుకుని
లెక్కపెడుతూ ఉండాలి. చచ్చిపోయింది."
"చచ్చి పదకొండేళ్ళయింది," అన్నాడు,
"రోజూ పొద్దున గోడ మీద క్యాలెండరు చూసి
తారీకు నేనే చెప్తాను దానికి."
"మరి ఇవాళ ఎందుకొచ్చారు?"
"ఎందుకు మర్చిపోతుందో తెలుసుకుందామని.
బాగుచెయ్యమనలేదే."
ఆమె బ్యాటరీని కాగితంలో చుట్టి
అతని చొక్కా జేబులో వేసింది.
డబ్బు తీసుకుంది కూడా.

చివర్లో ఒకామె, ఎర్మెలిందా,
యంత్రం తేలేదు, ప్రశ్న ఒక్కటే తెచ్చింది.
రాత్రి మూడింటికి దానంతటదే వెలుగుతుందట,
కాసేపుండి ఆరిపోతుందట.
మోడెం తీగ? లేదు. టైమరు? లేదు.
ఇంట్లో ఇంకెవరైనా? లేరు.
ఎదువీనా కళ్ళజోడు తీసి తుడుచుకుంది.
"నాకు తెలీదు," అంది.
ఇన్ని జవాబుల తర్వాత
ఆ మాట ఎంత శుభ్రంగా ఉందో చెప్పలేను.
ఎర్మెలిందా మొహంలో నిరాశ లేదు.
మూడింటికి మేలుకునేది తానొక్కతే కాదని
ఇంకొకరికి తెలిసింది కదా.

ఎదువీనా గళ్ళ నోటుబుక్కు తెరిచి
పేరు, వీధి, మూడు గంటలు అని రాసి
కింద నాలుగు గీతలు ఖాళీ వదిలింది.

నా బస్సు ఎప్పుడో వెళ్ళిపోయింది.
కోటు ఒక చెయ్యి మాత్రమే ఆరింది.