కారణం: ఇతరములు

ష్చెచిన్ ఊరవతల, రేకుల గోదాములో
రాత్రి పది నుంచి ఆరు దాకా
జనం వద్దనుకున్నవి విప్పుతాను.
పెట్టెకు నలభై సెకన్లు.
కత్తి, టేపు, వాసన, ముద్ర, బల్ల మీదికి.

బ్రోన్కా నేర్పిన పని ఇది.
"ముందు ముక్కు, తర్వాతే కళ్ళు" అనేది.
గౌను చంకలో ఒక పెళ్ళివిందు చెమట,
కోటు జేబులో హాంబర్గ్ రైలు టికెట్టు,
సీలైనా తియ్యని పసివాళ్ళ పాలసీసాలు ఆరు.
వాటి దగ్గర మాత్రం
నలభై దాటినా కదిలేది కాదు బ్రోన్కా,
సూపర్‌వైజర్ ఎంత దగ్గినా.

చీటీ మీద కారణాలు ఏడు.
సైజు చాలలేదు. రంగు వేరు. ఆలస్యమైంది.
ఏడోది: ఇతరములు.
ఆ రాత్రి నిద్ర పట్టక కొన్నాను
అని రాసుకోడానికి గడి లేదు.
తోడికోడలి ఫొటోలో చూశాను కాబట్టి,
అతను తలుపు విసిరికొట్టి వెళ్ళాడు కాబట్టి,
అన్నీ ఇతరములే.

ఇంటికొచ్చి కోటు విప్పకుండానే
నేనూ ఫోను తెరుస్తాను. దాచేదేముంది.
ఆవపిండి రంగు బూట్లు, లోపల ఉన్ని,
మూడొందల పన్నెండు జ్వోటీలు,
"ఇంకా రెండు జతలే" అని ఎర్రగా తొందర.
బొటనవేలు ఆ అక్షరాల మీదే ఉంది.
ఎందుకో, అలవాటు కొద్దీ,
ముందు ముక్కు.

తడిసిన మేజోళ్ళు, గ్యాసు, నిన్నటి బీట్‌రూట్ చారు.
కిటికీ సందులోంచి ఈదురుగాలి.
కడుపులో ఆకలి. బూట్ల ఆకలి కాదు, మామూలుదే.
దాని వెనక ఇంకొకటి, పేరు లేనిది,
బ్రోన్కా బల్ల ఖాళీ అయిన సోమవారం నుంచి
అక్కడే కూర్చుని ఉంది.
దాని సైజు ఏ పట్టికలోనూ లేదు.

చారు వేడిచేసుకున్నాను.
నిలబడి కాదు, కూర్చుని తాగాను.
కిటికీ సందులో పాత పేపరు కుక్కాను.

బుట్ట మాత్రం ఖాళీ చెయ్యలేదు.
"మీ బూట్లు మీకోసం ఎదురుచూస్తున్నాయి"
అని ఫోను రోజూ గారాలు పోయేది.
ఆ రెండు జతలూ మూడు వారాలైనా అమ్ముడవలేదు.

మార్చిలో, మంచు బురదయ్యాక,
పాతజత అడుగు నోరు తెరిచింది.
పట్టపగలు, కడుపునిండా తిని
కొన్నాను.
ఇరవై జ్వోటీలు ఎక్కువే పడింది.

పెట్టె వచ్చింది. కత్తి, టేపు.
కొత్త తోలు, జిగురు,
వాటి కింద సన్నగా ఎవరిదో సబ్బు వాసన.
నాకంటే ముందు ఎవరో
ఒక రాత్రి వీటిని తొడుక్కుని
అద్దం ముందు నిలబడ్డారు.

ఎడమకాలు కాస్త బిగువు.
వాపసు చీటీతో చెంచా తుడిచి
ట్రామ్ స్టాపు దాకా నడిచాను.